పరవస్తు చిన్నయసూరి – అర్ధబిందువు

పెరంబుదూరున జన్మించిన పరవస్తు చిన్నయసూరిగారు చెన్నపురి పచ్చయప్ప పాఠశాలలోను, పిదప ప్రెసిడెన్సీ కళాశాలలోను ఆంధ్రపండితులై వర్ధిల్లిరి. వారి నీతిచంద్రిక 1853లోను, బాలవ్యాకరణము 1858లోను వెలువడినవి.

తాళపత్రలేఖకులలో పలువురు అరసున్నను పాటింపలేదు. సూరిగారు దాని ప్రవృత్తిని సూత్రబద్ధము చేసి, దీర్ఘముమీద సాధ్యపూర్ణబిందువు నిలువదని శాసించిరి. ఆ గుర్తు లోపించినచో సంవత్సరవాచియగు ‘ఏఁడు’ సంఖ్యావాచియగు ‘ఏడు’తో కలిసిపోవును, ‘నాఁడు’ దినమో, ‘నాడు’ దేశమో తెలియదు. ముద్రాపకులకు భారమైనను అర్థనిర్ణయమునకు ఇంతటి చిహ్నము మరియొకటి లేదు.

సూరిగారు ఆరంభించిన నిఘంటువు పూర్తికాలేదు. ఆ సామగ్రి శిష్యులగు బహుజనపల్లి సీతారామాచార్యులవారి శబ్దరత్నాకరమునకు (1885) తోడ్పడెను. తార్నాక చేరువను, ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణమునందలి ప్రాచ్యలిఖిత గ్రంథాలయమున తాటియాకు విప్పి ‘ఏడు’ ఎదుట సందేహించు పరిష్కర్తకు నేటికిని ఆ గురుశిష్యులే దిక్కు.