కత్తి పట్టని వీరుడు

కావ్యంలో వీరుడంటే మనకు విల్లో కత్తో పట్టినవాడే గుర్తొస్తాడు. చేత ఆయుధమే లేని క్రీస్తును కావ్యనాయకుణ్ణి చేసిన తెలుగు కవి గుర్రం జాషువా.

1895 సెప్టెంబరు 28న వినుకొండలో పుట్టారు. తండ్రి యాదవుడు, తల్లి మాదిగ, ఇద్దరూ క్రైస్తవులే. అంటరానివాడికి పద్యమెందుకని అగ్రకులాలవాళ్ళు వెలివేశారు. పురాణాల మీద మోజేమిటని క్రైస్తవ పెద్దలూ దూరం పెట్టారు. రెండు గడపలూ మూసుకున్నా ఆయన పద్యం వదల్లేదు.

ఇరాన్ రాజుల వీరగాథ రాసి, సుల్తాను మాట తప్పితే మోసపోయిన కవి కథను ‘ఫిరదౌసి’గా రాశారు. 1941లో ‘గబ్బిలం’ రాశారు. గుడిలోకి రానివ్వని పేదవాడు అక్కడ వేలాడే గబ్బిలంతోనే శివుడికి తన గోడు చెప్పి పంపుతాడు. ఆ తర్వాతది ‘క్రీస్తు చరిత్ర’. అందులో ఓర్పు, కరుణ, క్షమలే ఆయుధాలు. దానికి 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. వెలివేసిన లోకంలోనే, పండితుడు చెళ్ళపిళ్ళ వెంకటశాస్త్రి స్వయంగా ఆయన కాలికి గండపెండేరం తొడిగారు.

1971 జూలై 24న జాషువా కన్నుమూశారు. ఆయన కూతురు హేమలతా లవణం మా కోరుట్లకు పొరుగునున్న నిజామాబాద్ జిల్లాలో జోగినుల విముక్తి కోసం పాటుపడ్డారు. నాన్న పద్యంలో చెప్పిన కరుణను బిడ్డ పనిలో చూపించింది. కత్తి పట్టని వీరత్వమంటే ఇదే కదూ!