ఇల్లు లేనివారికి నీడ చూపిన దుర్గాబాయమ్మ

రాయవేలూరు అంటే మన ఇళ్లలో కోట గురించి చెబుతారు, జలకంఠేశ్వరస్వామి గుడి గురించి చెబుతారు, సి.ఎం.సి. ఆసుపత్రి గురించి చెబుతారు. ఈ ఊరి జైలు గురించి మాత్రం ఎవరూ గొప్పగా చెప్పుకోరు. కానీ ఉప్పు సత్యాగ్రహం రోజుల్లో ఈ జైలులో శిక్ష అనుభవించిన ఒక తెలుగు ఆడపడుచు, తర్వాతి కాలంలో దేశమంతటా దిక్కులేని స్త్రీలకూ పిల్లలకూ దారి చూపించారు. ఆవిడే దుర్గాబాయి దేశ్‌ముఖ్ గారు.

జూలై 15 ఆవిడ జయంతి. మామూలుగా అయితే పటానికి దండ వేసి, ఇద్దరు పెద్దలు మాట్లాడాక కాఫీ తాగి ఎవరి ఇళ్లకు వాళ్లం వెళ్తాం. ఈసారి ఆవిడ జీవితంలో మన సంఘానికి పనికొచ్చే సంగతి ఒకటి ఉందనిపించి ఈ వ్యాసం రాస్తున్నాను. అదేమిటో చివర చెబుతాను.

పన్నెండేళ్ల పిల్ల చేసిన పని

దుర్గాబాయి గారు 1909లో రాజమండ్రిలో పుట్టారు. తండ్రి రామారావు గారు, తల్లి కృష్ణవేణమ్మ గారు. ఆ కాలపు ఆచారం ప్రకారం ఎనిమిదేళ్లకే పెళ్లి చేశారు. పెళ్లి అంటే ఏమిటో తెలిసే వయసు వచ్చాక, ఆ కాపురం తనకు వద్దని ధైర్యంగా చెప్పేశారు. భర్త సుబ్బారావు గారిని మరో పెళ్లి చేసుకొమ్మన్నారు. వంద సంవత్సరాల కిందట ఒక ఆడపిల్ల ఆ మాట అనడం ఎంత కష్టమో మన ఇళ్లలోని పెద్దవాళ్లకు చెప్పనక్కరలేదు.

1921లో గాంధీగారు కాకినాడ వస్తున్నారని తెలిసింది. అప్పటికి ఈ పిల్లకు పన్నెండేళ్లు. ఊళ్లోని దేవదాసీలూ, ఘోషాలో ఉండే ముస్లిం స్త్రీలూ ఆయన మాటలు వినాలని ఆవిడ పట్టుబట్టారు. గౌరవస్తుల సభకు వాళ్లెవరూ రాలేరు. అందుకని వాళ్లకోసం విడిగా సభ పెట్టాలన్నారు. 5000 రూపాయలు వసూలు చేసి తెస్తే చూద్దామన్నారు నిర్వాహకులు. ఆ డబ్బు దేవదాసీలే పోగుచేసి ఇచ్చారు. సభ జరిగింది. గాంధీగారి హిందీ ఉపన్యాసాన్ని ఆ పన్నెండేళ్ల పిల్లే తెలుగులో చెప్పింది. ఊరంతా పక్కకు నెట్టిన మనుషుల దగ్గరకు ముందుగా వెళ్లడం అనే అలవాటు ఆవిడకు అప్పుడే మొదలైంది.

1923 కాకినాడ కాంగ్రెసులో ఖద్దరు ప్రదర్శన గేటు దగ్గర, టిక్కెట్టు లేదని నెహ్రూగారిని ఆపిన సంగతి మనందరికీ తెలిసిందే. చెప్పి చెప్పి అది కథలా అయిపోయింది. దానికన్నా నాకు ఆ దేవదాసీల సభే పెద్దదిగా తోస్తుంది.

జైలులో నేర్చుకున్నది

1930 నుంచి 1933 మధ్య ఆవిడ మూడుసార్లు జైలుకు వెళ్లారు. వేలూరు, మధుర జైళ్లలో శిక్ష అనుభవించారు. మధురలో ఒంటరి కొట్టులో పెట్టారు. ఆరోగ్యం బాగా చెడింది.

వేలూరులో ఆవిడతో పాటు ఉన్నది రాజకీయ ఖైదీలు మాత్రమే కాదు. మామూలు నేరాలకు శిక్ష పడిన ఆడవాళ్లు కూడా ఉండేవారు. వాళ్లలో చాలామందికి అక్షరం రాదు. కోర్టులో ఏం జరిగిందో తెలియదు. తమ తరఫున నాలుగు మాటలు చెప్పేవాళ్లు లేక, చేయని తప్పులకు కూడా శిక్ష అనుభవిస్తున్నవాళ్లు ఉన్నారని ఆవిడకు అర్థమైంది. జాలిపడి ఊరుకోలేదు. జైలు నుంచి బయటికి వెళ్లాక చదువుకోవాలి, చట్టం నేర్చుకోవాలి, ఇలాంటివాళ్లకు ఉపయోగపడాలి అని నిర్ణయించుకున్నారు. మన ఊరి జైలు గోడల మధ్య గట్టిపడిన నిర్ణయం అది.

బయటికి వచ్చాక, తనకన్నా ఎంతో చిన్న పిల్లలతో పాటు కూర్చొని బెనారస్ మెట్రిక్యులేషన్ చదివారు. తర్వాత వాల్తేరులో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చేరాలనుకున్నారు. అప్పటి వైస్ చాన్సలర్ మన పక్క ఊరు చిత్తూరుకు చెందిన కట్టమంచి రామలింగారెడ్డి గారు. ఆడపిల్లలకు హాస్టలు లేదు కాబట్టి చేర్చుకోవడం కష్టమన్నారు. దుర్గాబాయి గారు పత్రికలో ప్రకటన వేయించారు. చదువుకోవాలని ఉండి వసతి లేని ఆడపిల్లలు ముందుకొచ్చారు. వాళ్లతో కలిసి తామే ఒక హాస్టలు మొదలుపెట్టి, ఇప్పుడు చేర్చుకోండి అన్నారు. తనకొక్కదానికి గది వెతుక్కొని ఉంటే ఆవిడ చదువు సాగేది. తనలాంటివాళ్లందరికీ కలిపి చోటు చూసుకున్నారు. 1939లో రాజనీతిశాస్త్రంలో బి.ఏ. ఆనర్సు, 1942లో మద్రాసులో లా పూర్తిచేశారు.

మద్రాసులో ఆంధ్ర మహిళా సభ

ఆంధ్ర మహిళా సభ 1937లో మద్రాసులో మొదలైంది. మైలాపూరులో చిన్నపిల్లలను పోగుచేసి ఆటలు, పాటలు, హిందీ నేర్పిన చిన్న క్లబ్బు దాని మూలం. క్రమంగా పెద్ద ఆడవాళ్లు రావడం మొదలుపెట్టారు. వాళ్లలో బాల వితంతువులు, భర్త వదిలేసినవాళ్లు, పుట్టింటికి బరువైనవాళ్లు ఉండేవారు. వీళ్లకు అన్నం పెట్టి ఒక మూల కూర్చోబెడితే సరిపోదని ఆవిడకు తెలుసు. మెట్రిక్ పరీక్షకు చదివించారు, కుట్టుపని, చేతిపనులు నేర్పించారు, ఉండటానికి హాస్టలు ఏర్పాటు చేశారు. ముందు తల దాచుకునే చోటు, తర్వాత చదువో పనో, ఆ తర్వాత సొంత సంపాదన. ఆవిడ పద్ధతి ఇదే.

ఈ పద్ధతి సొంత ఇంటికి కూడా వర్తించింది. మొదటి భర్త సుబ్బారావు గారు 1941లో చనిపోయారు. ఆయన రెండో భార్య అండ లేకుండా మిగిలిపోయారు. మామూలు లోకరీతిలో అయితే ఆవిడ మొహం చూడటానికి కూడా ఎవరూ ఇష్టపడరు. దుర్గాబాయి గారు ఆవిడను తమ ఇంట్లో ఉంచుకొని, మహిళా సభలో చేతిపనుల శిక్షణ ఇప్పించి, హైదరాబాదులో ఉద్యోగం దొరికేలా చేశారు. వేదికల మీద సేవ గురించి మాట్లాడటం తేలిక. సొంత గడప దగ్గర అది ఎలా ఉంటుందో ఈ ఒక్క సంగతి చాలు తెలుసుకోవడానికి.

ఢిల్లీలో

1946లో మద్రాసు నుంచి రాజ్యాంగ సభకు ఎన్నికయ్యారు. వాళ్లు రాజ్యాంగం రాస్తున్నప్పుడే దేశ విభజన జరిగింది. పంజాబు నుంచి వచ్చిన లక్షలమంది ఢిల్లీ చుట్టూ గుడారాల్లో ఉన్నారు. పురానా ఖిల్లా, హుమాయూన్ సమాధి ఆవరణ కూడా కాందిశీకుల శిబిరాలయ్యాయి. ఇల్లు పోగొట్టుకోవడం అనేది ఎవరికైనా ఒక్క రాత్రిలో జరగవచ్చని ఆ తరం కళ్లారా చూసింది. మనుషులను అమ్మడం, కొనడం నేరమని 23వ అధికరణం, బాల్యాన్నీ యౌవనాన్నీ దోపిడీ నుంచి కాపాడాలని 39వ అధికరణం మన రాజ్యాంగంలో చేరింది ఆ రోజుల్లోనే.

1952 ఎన్నికల్లో ఆవిడ ఓడిపోయారు. ఆ తర్వాత నెహ్రూగారు ప్రణాళికా సంఘంలోకి పిలిచారు. 1953 జనవరిలో ఆర్థికమంత్రి చింతామణి దేశ్‌ముఖ్ గారిని పెళ్లి చేసుకున్నారు. ఆ ఏడాది ఆగస్టులో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డు ఏర్పడింది. దానికి మొదటి అధ్యక్షురాలు ఆవిడే. ఊళ్లలో అనాథ పిల్లలనూ, దిక్కులేని స్త్రీలనూ చూసుకునే చిన్న సంస్థలకు ప్రభుత్వ సహాయం అందించడం ఆ బోర్డు పని. మొదటి పంచవర్ష ప్రణాళికలో ఇందుకోసం 4 కోట్ల రూపాయలు కేటాయించారు. ప్రభుత్వం ఒక్కటే అన్నీ చేయలేదు, ఊరివాళ్లు ఒక్కరే చేయలేరు, ఇద్దరూ కలవాలి అన్నది ఆవిడ ఆలోచన. 1958లో పెద్ద వయసు స్త్రీలకు తక్కువ కాలంలో స్కూలు చదువు పూర్తిచేయించే కోర్సులు మొదలుపెట్టించారు. చదువు మధ్యలో ఆగిన ఎంతోమంది ఆడవాళ్లు వాటివల్ల టీచర్లూ, నర్సులూ కాగలిగారు.

ఆ కాలంలోనే మన గుడియాత్తం పేరు కూడా చరిత్రకెక్కింది. ముఖ్యమంత్రి అయిన కామరాజు గారు 1954లో ఇక్కడి ఉప ఎన్నికలోనే గెలిచి శాసనసభకు వెళ్లారు. తర్వాత బడిపిల్లలకు మధ్యాహ్నం అన్నం పెట్టించారు. ఆకలి తీరితేనే పిల్లలు బడిలో నిలుస్తారని ఆయనకు తెలుసు. నీడ దొరికితేనే చదువు సాగుతుందని ఈవిడకు తెలుసు.

1975లో దుర్గాబాయి గారికి పద్మవిభూషణ్ వచ్చింది. 1981 మే 9న కన్నుమూశారు. భార్యాభర్తల గొడవలకు వేరే కోర్టులుండాలని ఆవిడ ఎప్పటినుంచో చెబుతూ వచ్చారు. ఆ కుటుంబ న్యాయస్థానాల చట్టం 1984లో, ఆవిడ పోయాక వచ్చింది. చెన్నైలో రాజా అన్నామలైపురం వెళ్తే ఆవిడ పేరిట రోడ్డు కనిపిస్తుంది.

ఇక మన సంగతి

నేను గుమాస్తాగా పనిచేసిన రోజుల్లో గుడియాత్తం నుంచి కాట్పాడికి రైలులో రోజూ వచ్చి వెళ్లేవాణ్ని. ఒక సాయంత్రం కాట్పాడి ప్లాట్‌ఫారం మీద పదమూడు, పద్నాలుగేళ్ల కుర్రాడు నన్ను తెలుగులో అడిగాడు, తిరుపతి బండి ఎక్కడ ఆగుతుందని. చేతిలో సంచీ లేదు, కాళ్లకు చెప్పులు లేవు. ఇంట్లో చెప్పకుండా వచ్చాడని చూస్తేనే తెలుస్తోంది. నా బండి కదులుతోంది. వేలుతో ప్లాట్‌ఫారం చూపించి ఎక్కేశాను. ఏళ్లు గడిచాయి. ఆ పిల్లవాడి మొహం ఇప్పటికీ గుర్తుంది. తెలుగు వచ్చిన మనిషిని అని నమ్మి నన్ను అడిగాడు. నేను ఐదు నిమిషాలు ఆగలేదు.

అలాంటి పిల్లలు ఇప్పుడూ వస్తున్నారు. కాట్పాడి మూడు రాష్ట్రాల బండ్లు ఆగే జంక్షను. ఇంకోవైపు వేలూరు పక్కనే మేల్‌మొణవూరులో శ్రీలంక నుంచి వచ్చిన తమిళుల శిబిరం ఉంది. 1983 అల్లర్ల తర్వాత సముద్రం దాటి తమిళనాడుకు వచ్చిన కుటుంబాలవి. 2021లో తమిళనాడు ప్రభుత్వం కాందిశీకుల శిబిరం అనే పేరు తీసేసి పునరావాస శిబిరం అని మార్చింది, కొత్త ఇళ్లు కట్టించడం మొదలుపెట్టింది. కానీ ఇక్కడే పుట్టి, ఇక్కడే డిగ్రీ చదివిన పిల్లలకు కూడా పౌరసత్వం లేక మంచి ఉద్యోగాలు దొరకడం కష్టంగా ఉంది.

మన సంఘం మేడమీద గది ఉగాదికీ, పెళ్లి భోజనాల సామాను పెట్టడానికీ తప్ప వాడటం లేదు. దాన్ని శని, ఆదివారాలు ఈ పనికి ఇద్దామని నేను సర్వసభ్య సమావేశంలో ప్రతిపాదించబోతున్నాను. కొందరు పెద్దలు ఇప్పటికే నాతో అన్నారు, ఎవరి పిల్లలో ఏమో, లేనిపోని తలనొప్పి మనకెందుకని. వాళ్ల భయాన్ని నేను కొట్టిపారేయను. అందుకే కొన్ని హద్దులు చెబుతున్నాను.

పిల్లలను రాత్రిపూట మనం ఉంచుకోము. చట్టం ప్రకారం రిజిస్టరయిన సంస్థలే ఉంచాలి. దిక్కులేని బిడ్డ కనబడితే 1098కి ఫోను చేయాలి. 24 గంటల లోపల బాలల సంక్షేమ సమితి ముందుకు తీసుకెళ్లాలి. అక్కడ తెలుగు తప్ప మరో భాష రాని పిల్లవాడు బెదిరిపోకుండా పక్కన కూర్చొని మాట్లాడటానికి మనలో ఒకరు వెళ్లాలి. పద్దెనిమిది నిండి హోముల నుంచి బయటికి వచ్చే కుర్రాళ్లకు పని వెతకడంలో సాయం చేయాలి. శిబిరం పిల్లలకు కాలేజీ, స్కాలర్‌షిప్ దరఖాస్తులు నింపిపెట్టాలి. ఈ చివరి పని నాకు వచ్చు. నా ఉద్యోగమంతా దరఖాస్తులతోనే గడిచింది.

వాళ్లు తెలుగువాళ్లు కాదు కదా అని అడగవచ్చు. మన తాతముత్తాతలు ఎప్పుడో మగ్గాలతో, వ్యాపారాలతో ఈ సీమకు వచ్చినప్పుడు మనకు చోటిచ్చినవాళ్లు కూడా తెలుగువాళ్లు కాదు. కాకినాడలో దుర్గాబాయమ్మ ఎవరికోసం సభ పెట్టించారో ఒకసారి గుర్తు తెచ్చుకుందాం.

సమావేశం జయంతి రోజు సాయంత్రం, దండ వేసిన తర్వాతే. కాఫీ ఎలాగూ ఉంటుంది. ఈసారి కాఫీ తాగాక ఎవరూ లేచి వెళ్లకుండా మరో అరగంట కూర్చోవాలని మనవి. వద్దనేవాళ్లు కూడా తప్పకుండా రావాలి. మేడమీద గది తాళంచెవి నా దగ్గరే ఉంది, ఆ రోజు జేబులో వేసుకొని వస్తాను.