డుబోయిస్ పండితుని జీవితము

నల్లజాతి ప్రజల స్థితిగతులను ఇంటింట నడిగి లెక్కగట్టిన విలియం డుబోయిస్ పండితుడు 1868 వ సంవత్సరము ఫిబ్రవరి 23 వ తేదీన అమెరికా దేశమున మాసచూసెట్స్ రాష్ట్రమందలి గ్రేట్ బారింగ్టన్ పట్టణమున జన్మించెను. తండ్రి శైశవముననే ఇల్లు విడిచిపోగా తల్లి కష్టించి పెంచెను. 1895 లో హార్వర్డు విశ్వవిద్యాలయమున డాక్టరు పట్టమందిన మొదటి నల్లజాతీయు డీయనయే. ఆయన విద్యావైభవమును విస్తరించుట మా యుద్దేశము కాదు. ఆ లెక్కను గూర్చియే ముఖ్యముగా విన్నవింతుము.

1896 లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయమువారు ఫిలడెల్ఫియా నగరపు ఏడవ వార్డునందలి నల్లవారిని గూర్చి పరిశోధింప నాయనను నియమించిరి. నగరము చెడిపోవుటకు ఈ జాతియే కారణమను భావము పెద్దల మనస్సులలో ముందే కుదిరియుండెను. జీతము ఏడాదికి 900 డాలర్లు. బోధించుటకు విద్యార్థులు లేరు. విశ్వవిద్యాలయపు పట్టికలో పేరైనను లేదు. డుబోయిస్ నవవధువగు నీనాతో ఆ పేటలోనే ఒక గదిలో కాపురముండి, ఒంటరిగా ఇల్లిల్లు తిరిగి, సుమారు 2,500 కుటుంబములను విచారించెను. వార్డునందు 9,675 మంది నల్లవారున్నట్లు తేల్చెను. కుటుంబము, వ్యక్తి, ఇల్లు, వీధి, సంస్థలు, ఇండ్లలో కొలువుండు సేవకులు, వీనికెల్ల వేఱువేఱుగా ప్రశ్నపత్రములు సిద్ధపఱచెను.

ఆ జనులు ఆయనను ఆదరముతో పిలిచి కూర్చుండబెట్టిరని తలంపరాదు. స్వజాతీయుడే యైనను, కాగితము చేతబట్టి తమ బ్రతుకును పరీక్షింప వచ్చినవానిని వారు శంకించిరి. కులజనాభా వివరములకై గ్రామములు తిరిగిన మన సోదరులకు ఈ సంగతి క్రొత్త కాదు.

1899 లో ప్రకటితమైన గ్రంథమున, పేదరికమునకును నేరములకును జాతిగుణము కారణము కాదనియు, బానిసత్వపు శేషమును వర్ణద్వేషమును కారణములనియు ఆయన నిరూపించెను. చదువుకొన్న యువకునికి గుమాస్తాపని దొరకదు, కార్మికసంఘములు చేర్చుకొనవు, చెడ్డ ఇంటికి హెచ్చు అద్దె చెల్లింపవలెను. అయినను అట్టడుగువారి నడవడిని గూర్చి ఆయన వ్రాసిన మాటలు మాకు కఠినముగనే తోచుచున్నవి.

పిమ్మట అట్లాంటా విశ్వవిద్యాలయమున యేటేట సభ జరిపి, వ్యాపారము, పాఠశాల, దేవాలయము మున్నగు విషయములను ఒక్కొక్కటిగా పరిశోధించి ప్రకటించుచుండెను. మన సభలలో తీర్మానములు హెచ్చు, లెక్కలు తక్కువ.

సత్యము తెలిసినచో జనులు మాఱుదురని ఆయన నమ్మెను. 1899 ఏప్రిల్ లో సామ్ హోస్ అను నల్లజాతి కూలివానిని జార్జియాలో జనసమూహము సజీవముగా దహించెను. డుబోయిస్ హేతుబద్ధమగు లేఖయొకటి వ్రాసికొని పత్రికా కార్యాలయమునకు బయలుదేరెను. ఆ దహింపబడినవాని వ్రేళ్లకణుపులు దారిలోని దుకాణమున ప్రదర్శనకు బెట్టిరని విని, లేఖ ఇయ్యకయే వెనుదిరిగెను. మఱుసటి నెలలో పసికొడుకు మరణించెను. లెక్క లొక్కటియే చాలవని ఆయనకు నాటినుండి తోచెను.

1909 లో నల్లవారి హక్కులకై ఏర్పడిన జాతీయసంఘ స్థాపకులలో ఒకడై, 1910 మొదలు 1934 వఱకు దాని క్రైసిస్ పత్రికను నడిపెను. 1946 లో డాక్టరు అంబేద్కరుగారు, నల్లవారు ఐక్యరాజ్యసమితికి పంపిన విన్నపమును గూర్చి యడుగుచు ఆయనకు లేఖ వ్రాయగా, సానుభూతితో ప్రత్యుత్తర మిచ్చెను. 1961 లో ఘనా దేశమునకు తరలి, 1963 ఆగస్టు 27 న అక్రా నగరమున తన 95 వ యేట మరణించెను. మఱునాడు వాషింగ్టనునందు హక్కులకై కూడిన మహాజనసమూహమునకు ఆ వార్త వేదికనుండి వినిపింపబడెను.