డాక్టర్ వులిమిరి రామలింగస్వామి

విశాఖపట్నంలో ఓడరేవును ఆనుకొని ఉన్న పాతనగరాన్ని ప్రజలు వన్ టౌన్ అని పిలుస్తారు. దానికి చేరువలోనే కింగ్ జార్జి ఆసుపత్రి, 1923లో నెలకొన్న వైద్యకళాశాల ఉన్నాయి. ఆ కళాశాలకే 1940లో ఆంధ్ర వైద్యకళాశాల అనే పేరు వచ్చింది. తినే తిండి దేహంలో ఎట్లా కలుస్తుంది, అది కొరవడితే ఏ అవయవం ఎట్లా దెబ్బతింటుంది అనే ప్రశ్నలను చిరకాలం పరిశోధించిన వులిమిరి రామలింగస్వామి అక్కడి విద్యార్థే.

ఆయన 1921 ఆగస్టు 8న శ్రీకాకుళంలో జన్మించారు. 1944లో ఎం.బి.బి.ఎస్., 1946లో ఎం.డి. పట్టాలు పొంది, మరుసటి ఏడు నీలగిరులలోని కూనూరు పోషకాహార పరిశోధనాలయంలో చేరారు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థకు మూలం ఆ పరిశోధనాలయమే. 1951లో ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం ఆయనకు డాక్టరేటు ప్రదానం చేసింది.

ఆ కాలంలో పేద ఇళ్ళలోని పసివారిని క్వాషియోర్కర్ అనే వ్యాధి బలిగొనేది. ఇది పశ్చిమాఫ్రికాలోని గా భాషకు చెందిన మాట. తల్లికి మరో బిడ్డ కలగడంతో చనుబాలకు దూరమైన బిడ్డకు వచ్చే జబ్బని దాని భావం. అటువంటి బిడ్డకు గంజినీళ్ళే దిక్కవుతాయి. కాళ్ళు ఉబ్బుతాయి, జుట్టు రంగు మారుతుంది, కాలేయంలో కొవ్వు పేరుకుంటుంది. ఆ ఉబ్బును చూసి బిడ్డ ఒళ్ళు చేశాడని భ్రమపడే ప్రమాదమూ ఉంది.

మాంసకృత్తులు తిన్నవి తిన్నట్లుగా రక్తంలో కలవవు. జఠరరసంలోని పెప్సిన్, క్లోమరసంలోని ట్రిప్సిన్ మొదలైనవి వాటిని చిన్న చిన్న తునకలుగా, ఆమినో ఆమ్లాలుగా విడగొడతాయి. చిన్నపేగు లోపలి పొర ఆ పనిని పూర్తిచేసి వాటిని గ్రహిస్తుంది. పాలు, ఉడికించిన గుడ్డు, చేప సులభంగా జీర్ణమవుతాయి. పప్పుధాన్యాలు అంత సులభంగా జీర్ణం కావు. పచ్చిగింజలలో ట్రిప్సిన్‌ను అడ్డగించే పదార్థాలుంటాయి. బాగా ఉడికిస్తే వాటి శక్తి నశిస్తుంది. బియ్యంలో లైసిన్ తక్కువ, పప్పులో మెథియొనిన్ తక్కువ. అందువల్ల పప్పన్నంలో ఒకదాని లోటును మరొకటి పూరిస్తుంది.

అయితే జీర్ణం చేసే పేగే దెబ్బతింటే? చిన్నపేగు లోపలి పొరలోని కణాలు నాలుగైదు రోజులలోనే రాలిపోతూ, కొత్తవి పుడుతూ ఉంటాయి. ఆ కొత్త కణాల నిర్మాణానికీ మాంసకృత్తులే కావాలి. 1957లో ఢిల్లీలోని అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థలో ఆచార్యులైన రామలింగస్వామి, తన సహచరులతో కలిసి రీసస్ కోతులకు మాంసకృత్తులు లోపించిన ఆహారమిచ్చి వాటి పేగులను పరీక్షించారు. కొత్త కణాలు పుట్టే వేగం మందగించిందని తేలింది. 1965లో ఆ ఫలితాలు వెలువడ్డాయి. తిండి చాలక పేగు చిక్కుతుంది. చిక్కిన పేగు దొరికిన కొద్దిపాటి తిండినీ సరిగా గ్రహించలేదు. ఆకలి తన కోరలను తానే పదును పెట్టుకొంటుందన్నమాట. నేటి వైద్యులు కూడా బాగా చిక్కిపోయిన బిడ్డకు మొదట పాలతో కూడిన పలుచని ఆహారాన్నే కొద్దికొద్దిగా, పలుమార్లు ఇస్తారు. ఒక్కసారిగా కడుపునిండా పెట్టడం ప్రాణాపాయం.

మాంసకృత్తుల లోపమొక్కటే క్వాషియోర్కర్‌కు కారణం కాదని తరువాతి పరిశోధనలు, ముఖ్యంగా హైదరాబాదులో జరిగినవి, స్పష్టం చేశాయి. మొత్తం ఆహారం చాలకపోవడం, అంటురోగాలు కూడా అందుకు తోడవుతాయి.

కాంగ్రా లోయలో అయోడిన్ ఉప్పుతో గాయిటర్‌ను అదుపు చేయవచ్చునని నిరూపించినవారు కూడా ఆయనే. 1969 నుండి పదేళ్ళు వైద్య విజ్ఞాన సంస్థకు సంచాలకులుగా, ఆపై 1986 వరకు భారతీయ వైద్య పరిశోధన మండలికి అధిపతిగా పనిచేశారు. 1986లో రాయల్ సొసైటీ సభ్యత్వం లభించింది. పదవులకన్నా ఆయన వేసిన ప్రశ్నలే గొప్పవి. 1996లో, 75వ ఏట, మరో ఇద్దరితో కలిసి రాసిన వ్యాసంలో ఆయన, ఆఫ్రికాకన్నా దక్షిణాసియాలోనే బక్కచిక్కిన పిల్లలు ఎందుకు ఎక్కువగా ఉన్నారని ప్రశ్నించారు. శాకాహారం కారణం కాదని, తల్లులు తాము సరిపడా తినకపోవడం, అందువల్ల బిడ్డలు తక్కువ బరువుతో పుట్టడం, ఇంటిలో స్త్రీకి దక్కే స్థానం దీనికి మూలమని వివరించారు. 2001 మే 28న ఢిల్లీలో ఆయన కన్నుమూశారు.