కళ్లు మూసుకున్నా చెవులు ఊరుకోలేదు: హింసాత్మక వినోదం గురించి సెయింట్ అగస్టీన్ ఏం గమనించారు?

2023 డిసెంబర్‌లో విడుదలైన ‘సలార్’కు సెన్సార్ బోర్డు ‘ఎ’ సర్టిఫికెట్ ఇచ్చింది. 2025 మేలో వచ్చిన ‘హిట్ 3’కీ అదే సర్టిఫికెట్. ఇలాంటి సినిమాలు హిందీ డబ్బింగ్‌తో రాయ్‌పూర్ లాంటి నగరాలకూ చేరుతున్నాయి. ఉద్యోగాల కోసం, వ్యాపారాల కోసం వెళ్లి అక్కడ స్థిరపడ్డ తెలుగువాళ్లున్నారు. వారిలో ఆదివారం చర్చికి వెళ్లేవాళ్లూ ఉన్నారు. శుక్రవారం తెర మీద తలలు తెగిపడుతుంటే ఈలలు వేసి, ఆదివారం ప్రార్థనలో కూర్చోవడం సబబేనా?

ఈ ప్రశ్న సినిమా కంటే చాలా పాతది. సుమారు 1600 ఏళ్ల కిందట ఉత్తర ఆఫ్రికాలో ఒక బిషప్ దీనితోనే తలపడ్డారు. ఆయనే సెయింట్ అగస్టీన్. రాయ్‌పూర్ ఆర్చ్‌డయోసిస్‌తో సహా ప్రపంచమంతటా క్యాథలిక్కులు ఏటా ఆగస్టు 28న స్మరించుకునేది ఆయన్నే. 2025లో ఎన్నికైన పోప్ లియో 14 కూడా ఆయన పేరిట ఏర్పడిన సన్యాస సంఘానికి చెందినవారే.

అగస్టీన్ 354 నవంబర్ 13న తగస్తే అనే చిన్న పట్టణంలో పుట్టారు. ఇప్పుడది అల్జీరియాలో ఉంది. తల్లి మోనికా క్రైస్తవురాలు. తండ్రి పాట్రీషియస్ చనిపోయే ముందు వరకూ ఆ మతంలోకి రాలేదు. కుర్రాడు బాగా చదువుతాడని పేరు రావడంతో పదిహేడో ఏట పెద్ద చదువుల కోసం కార్తేజ్ పంపించారు.

అక్కడ ఆయనకు నాటకాల పిచ్చి పట్టింది. విషాద నాటకాలు చూసి ఏడ్చేవారు. ఏడుపు రాకపోతే నాటకం బాగాలేదని అసంతృప్తితో ఇంటికి వెళ్లేవారు. తాను పడటానికి ఇష్టపడని బాధను మనిషి వేదిక మీద చూసి ఎందుకు ఆనందిస్తాడన్న సందేహం ఆయన్ను చాలా ఏళ్లు వదల్లేదు. సాయం చేయాల్సిన అవసరం లేని జాలి అది అని తర్వాత ‘కన్ఫెషన్స్’లో తేల్చారు. అంటే వినోదాన్ని దూరం నుంచి తిట్టిన మనిషి కాదాయన. ముందు అందులో మునిగి తేలారు.

ఆయన ఆలోచనకు అసలు ఆధారం మాత్రం మరొకరి కథ. ఆ వ్యక్తి పేరు అలీపియస్. అగస్టీన్ ఊరివాడే, ఆయన కంటే చిన్నవాడు, శిష్యుడు, ప్రాణస్నేహితుడు. లా చదువు కోసం అగస్టీన్ కంటే ముందే రోమ్ వెళ్లాడు. మనుషులు ఒకరినొకరు చంపుకునే గ్లాడియేటర్ పోటీలంటే అతనికి అసహ్యం. ఒకరోజు తోటి విద్యార్థులు బలవంతంగా లాక్కెళ్లారు. తన శరీరాన్ని తీసుకెళ్లగలరేమో గానీ మనసును తీసుకెళ్లలేరని అతని ధీమా. సీట్లో కూర్చుని కళ్లు గట్టిగా మూసుకున్నాడు.

చెవులు మూసుకోలేదు. బరిలో ఎవరో పడిపోయారు. వేల గొంతులు ఒక్కసారిగా అరిచాయి. ఏం జరిగినా చూసి, ఛీ అనుకుని మళ్లీ కళ్లు మూసుకోవచ్చులే అనుకుని అలీపియస్ కళ్లు తెరిచాడు. అంతే. రక్తం కనబడగానే చూపు తిప్పుకోలేకపోయాడు. తానూ అరిచాడు. వచ్చిన మనిషి వేరు, వెళ్లిన మనిషి వేరు. ఆ తర్వాత తనను లాక్కొచ్చినవాళ్ల కంటే ముందే పరుగెత్తాడు, ఇంకొందరిని వెంటేసుకుని మరీ వెళ్లాడు.

అగస్టీన్ చూపు ఇక్కడ బరి మీద కంటే కుర్చీల మీదే ఎక్కువగా ఉంది. అలీపియస్‌ను పడగొట్టింది మొదట దృశ్యం కాదు, జనం కేక. రెండోది, తనకేమీ కాదన్న ధీమా. మొదటి రోజు మొదటి ఆటకు వెళ్లినవాళ్లకు ఆ కేక ఎలాంటిదో వేరే చెప్పక్కర్లేదు. చూసినవాడు బయటికెళ్లి హత్య చేస్తాడా అని ఇవాళ టీవీ చర్చల్లో అడుగుతుంటారు. అగస్టీన్ అడిగింది అది కాదు. చూస్తున్నంతసేపూ ఆ మనిషికి ఏది నచ్చుతోంది అన్నదే ఆయన ప్రశ్న.

387లో ఈస్టర్ సమయంలో మిలాన్‌లో గురుశిష్యులిద్దరూ కలిసే బాప్తిస్మం తీసుకున్నారు. అలీపియస్ తర్వాత తగస్తే బిషప్ అయ్యాడు. అగస్టీన్ 391లో హిప్పోలో ప్రీస్ట్‌గా, కొన్నేళ్లకే బిషప్‌గా బాధ్యతలు తీసుకున్నారు. ఆటలున్న రోజున చర్చి ఖాళీగా ఉంటోందని ప్రసంగాల్లో వాపోయేవారు. 410లో గోత్‌లు రోమ్‌ను దోచుకున్నప్పుడు కార్తేజ్‌కు పారిపోయి వచ్చిన శరణార్థులు రోజూ నాటకశాలలకు ఎగబడ్డారు. ఇది ఆయన్ను ఎంత బాధించిందో ‘సిటీ ఆఫ్ గాడ్’ మొదటి భాగంలోనే కనిపిస్తుంది.

ఆయన జీవితంలో ఇబ్బంది పెట్టే అధ్యాయమూ ఉంది. ఆఫ్రికా చర్చి నుంచి చీలిన డొనాటిస్టులను దారికి తేవడానికి ప్రభుత్వ బలప్రయోగాన్ని ఆయన సమర్థించారు. మరణశిక్ష వద్దని అధికారులను వేడుకున్న మాట నిజమే. అయినా గుంపులోని క్రౌర్యాన్ని అంత సూక్ష్మంగా చూసినవారు రాజ్యం చేతిలోని కర్ర విషయంలో అంత జాగ్రత్త పడలేదు. ఆ మచ్చను ఆయన అభిమానులు కూడా తుడిచేయలేకపోయారు.

కర్ర సాయం లేకుండా సాధించినది 418లో జరిగింది. చర్చి పనిమీద మారిటేనియాలోని సిజేరియాకు వెళ్లారు. ఇప్పటి షెర్షెల్. ఆ ఊళ్లో ఏటా ఒక రాళ్ల పోరు జరిగేది. ఊరు రెండు పక్షాలుగా చీలి కొన్ని రోజులపాటు రాళ్లతో కొట్టుకునేది. తండ్రి ఒకవైపు, కొడుకు మరోవైపు. అన్నదమ్ములూ అంతే. ప్రాణాలు పోయేవి. తాతల నాటి ఆచారం కాబట్టి ఎవరూ తప్పనుకోలేదు. దసరా రాత్రి దేవరగట్టు కర్రల సమరం గురించి తెలిసిన తెలుగువారికి, పోలా మర్నాడు మధ్యప్రదేశ్‌లోని పాంఢుర్ణాలో జరిగే గోట్‌మార్ రాళ్ల జాతర గురించి విన్న ఛత్తీస్‌గఢ్ వాసులకు ఇది మరీ కొత్తగా అనిపించదు.

అగస్టీన్ తనకున్న వాక్చాతుర్యమంతా వాడి మాట్లాడారు. జనం చప్పట్లు కొట్టారు. చప్పట్లతో ఆయన తృప్తి పడలేదు. మాటలు నచ్చాయనడానికే అవి గుర్తు అని రెటారిక్ పాఠాలు చెప్పిన మనిషికి తెలుసు. ప్రసంగం సాగించారు. జనం కళ్లలో నీళ్లు వచ్చాక గానీ పని జరిగిందని నమ్మలేదు. అప్పుడు మాటలు ముగించి అందరితో కలిసి దేవుడికి కృతజ్ఞతలు చెప్పారు. ఎనిమిదేళ్లు, అంతకు పైనే గడిచినా అక్కడ మళ్లీ అలాంటిది జరగలేదని తర్వాత ఒక పుస్తకంలో రాసుకున్నారు.

430లో వాండల్ సైన్యం హిప్పోను ముట్టడించింది. ముట్టడి మధ్యలోనే అగస్టీన్ జ్వరంతో మంచం పట్టారు. పశ్చాత్తాప కీర్తనలను రాయించి, పడుకున్నచోటికి కనిపించేలా గోడకు పెట్టించుకున్నారు. వైద్యులు వచ్చినప్పుడు, భోజనం తెచ్చినప్పుడు తప్ప ఎవరినీ లోపలికి రానివ్వలేదు. చివరి పది రోజులూ ఆ కాగితాలనే చూస్తూ, చదువుతూ, ఏడుస్తూ గడిపారని ఆయన జీవితచరిత్ర రాసిన శిష్యుడు పొసిడియస్ నమోదు చేశాడు. ఆగస్టు 28న, 75 ఏళ్ల వయసులో కన్నుమూశారు.