నులిపురుగులకు నామకరణం చేసిన శాస్త్రవేత్త – నేథన్ ఆగస్టస్ కాబ్

నులిపురుగు అన్నంతనే మనలో పలువురికి జుగుప్స కలుగుతుంది. అందుకు కారణం లేకపోలేదు. బోదకాలు, నారికురుపు, పసిపిల్లల కడుపులోని ఏలికపాములు, ఇవన్నీ ఆ వర్గపు జీవుల చలవే. జంతుశాస్త్ర ప్రయోగశాలలో గాజుసీసాలో నిలువ ఉంచిన ఏలికపామును చూచి, ఆ వర్గంలో తెలుసుకోదగినది ఇంతకుమించి లేదని మేమూ ఒకప్పుడు భావించాము. కాని పరాన్నజీవులు ఆ వర్గంలో ఒక భాగం మాత్రమే. తక్కినవి ఎవరి జోలికీ పోక నేలలోను, నదులలోను, సముద్రపుటడుగు బురదలోను బ్రతుకుతున్నవి. సముద్రంలో ఉండేవి చాలావరకు రెండు మూడు మిల్లీమీటర్ల పొడవుకు మించవు. దారపు ముక్కల వలె అన్నీ ఒకే తీరున కనిపించే ఈ ప్రాణులను వేరుపరచి, పేర్లు పెట్టి, వరుసలో నిలిపిన మహనీయుడు కాబ్.

వారు 1859 జూన్ 30న అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రంలో, స్పెన్సర్ అనే ఊరిలో జన్మించారు. 1881లో వూస్టర్ పాలిటెక్నిక్‌లో పట్టం పుచ్చుకొని, విల్లిస్టన్ సెమినరీలో అధ్యాపకులయ్యారు. స్థిరమైన ఉద్యోగం, భార్య, పిల్లలు. మరొకరైతే అంతటితో తృప్తిపడి ఉండేవారు. కాబ్ మాత్రం 1887లో సకుటుంబంగా జర్మనీకి పయనమై, యేనా నగరంలో ఎర్నెస్ట్ హెకెల్ వంటి ఉద్దండుల సన్నిధిని పరిశోధన సాగించి, మరుసటి సంవత్సరమే నులిపురుగులపై డాక్టరేటు పొందారు. పిమ్మట ఇటలీలోని నేపుల్స్ సముద్ర పరిశోధనాలయంలో కొంతకాలం గడిపారు. సముద్రపు నులిపురుగులపై ఏర్పడిన మక్కువ వారిని కడదాకా వీడలేదు.

అయితే ఆ పురుగులు అన్నం పెట్టవు కదా! 1889లో ఆస్ట్రేలియా చేరిన కాబ్, న్యూ సౌత్ వేల్స్ వ్యవసాయ శాఖలో సస్యరోగ నిపుణులుగా కుదురుకొన్నారు. పగలు గోధుమ తుప్పు తెగులు, చెరకు తెగుళ్ళు; తీరిక చిక్కినప్పుడు నులిపురుగులు. 1893లో ఫిజీ దీవుల అరటి వేళ్ళలో కనిపించిన ఒక నులిపురుగును వారు వర్ణించారు. అరటివేరును తొలుచుకొనిపోయే ఆ పురుగే 1966లో మన కేరళ తోటలలోనూ బయటపడింది. ఎవరికీ పట్టని విద్య అని అనుకొన్నది ఎప్పుడు రైతు గడప తొక్కుతుందో చెప్పలేము. 1905లో హవాయిలో చెరకు తోటల సంఘం కొలువు, 1907 నుండి వాషింగ్టన్‌లో వ్యవసాయ శాఖ కొలువు. అక్కడ పత్తి నాణ్యతకు ప్రమాణాలు ఏర్పరచే పని సైతం వారి నెత్తిన పడింది. యాభైయవ పడి దాటిన తరువాతనే వారి ముఖ్య గ్రంథరచన వెలువడిందంటే, నడుమ ఎంత ఓర్పు పట్టి ఉండాలో విద్యార్థులు గ్రహించగలరు.

ఇంతకూ ఒక పురుగు కొత్త జాతికి చెందినదని తెలిసేదెట్లు? నోటిలో పళ్ళున్నవా, చర్మంపై చుక్కలా గీతలా, తలచుట్టూ వెంట్రుకలెన్ని, మగ పురుగు తోక దగ్గరి వంకర ముళ్ళు ఏ తీరున ఉన్నవి, ఇవన్నీ చూడాలి. తలకు ఇరుప్రక్కల ఉండే జ్ఞానేంద్రియపు ఆకారం మరీ ముఖ్యం. దానికి ఆంఫిడ్ అని పేరు పెట్టినది కాబ్ మహాశయులే. ఇక కొలతల సంగతి. ఒకే జాతిలో ఒక పురుగు పొట్టి, మరొకటి పొడవు కావచ్చు. కనుక వారు శరీరం మొత్తాన్ని నూరు పాళ్ళుగా భావించి, తలనుండి నోటి అడుగు, నాడీవలయం, ఆహారవాహిక చివర, స్త్రీ జననరంధ్రం, పాయువు ఎంతెంత దూరంలో ఉన్నవో గీతపైన వ్రాశారు. ఆయా చోట్ల శరీరపు వెడల్పును గీతక్రింద వ్రాశారు. చివర పొడవు మిల్లీమీటర్లలో. చూడబోతే మన భిన్నాల లెక్క వలె ఉంటుంది. ఏ భాష వారైనా చదువుకొనవచ్చును. దళసరి గాజు పలకపై పెట్టిన పురుగును ఒక ప్రక్కనుండే చూడగలమని, అల్యూమినియం చట్రంలో రెండు పలుచని గాజుబిళ్ళల నడుమ పురుగును బిగించి, తిరగవేసి చూచే ఏర్పాటు కూడా వారిదే.

1914లో షాకిల్టన్ దండయాత్రికులు దక్షిణ ధ్రువ సముద్రం నుండి తెచ్చిన పురుగులను వర్ణిస్తూ తమ గ్రంథమాలను ఆరంభించారు. ఈ విద్యకు నెమటాలజీ అని ప్రత్యేక నామం కల్పించి, స్వతంత్ర శాస్త్రంగా నిలబెట్టినదీ ఆ ఏడే. లోకంలో తక్కిన సమస్తం మాయమైనా, మిగిలిన నులిపురుగుల పొరను బట్టి కొండలను, ఏరులను, ఊళ్ళను ఆనవాలు పట్టవచ్చునని వారు చేసిన ఊహ శాస్త్రలోకంలో నేటికీ ప్రసిద్ధం. 1920లో ఒకే ప్రచురణలో నూరు కొత్త ప్రజాతులను ప్రకటించారు.

ఇక్కడ మాకు ఒక మాట చెప్పక తప్పదు. ఆ నూరింటిలో పలు వర్ణనలు మిక్కిలి క్లుప్తం. తరువాతి వారు వాటిని పోల్చుకొనలేక నానా అవస్థలు పడ్డారు. నోటి నిర్మాణాన్ని ప్రధానంగా పట్టుకొని వారు కట్టిన వర్గీకరణ కూడా నిలువలేదు. పేర్లు నిలిచినవి, మేడ నిలువలేదు. అయినా 1961లో ఆర్. డబ్ల్యు. టిమ్ మన బంగాళాఖాతపు నులిపురుగులను వర్ణించినప్పుడు కాబ్ ఏర్పరచిన ప్రజాతులను ఆశ్రయించక గడవలేదు.

1932 జూన్ 4న బాల్టిమోర్‌లో కాబ్ మరణించారు. గ్రంథమాల చివరి భాగం 1935లో వెలువడింది. వారి అల్యూమినియం పలకలు బెల్ట్స్‌విల్‌లోని వ్యవసాయ శాఖ భాండాగారంలో భద్రంగా ఉన్నవి. కొత్త పురుగు దొరికినదని అనుమానించిన పరిశోధకులు వాటిని తీసి, ఇటు ఒకమారు, అటు ఒకమారు త్రిప్పి చూచుకొంటూనే ఉన్నారు.