యల్లాప్రగడ సుబ్బారావు

పరీక్షలో తప్పినవారెల్లరు జీవితమున తప్పినవారు కారు. ఈ సత్యమునకు యల్లాప్రగడ సుబ్బారావు చరిత్రము చక్కని నిదర్శనము.

ఆయన 1895వ సంవత్సరము జనవరి 12వ తేదీన నేటి పశ్చిమ గోదావరి జిల్లాలోని భీమవరమున జన్మించెను. తండ్రి జగన్నాథము, తల్లి వెంకమ్మ. కుటుంబము పెద్దది, రాబడి స్వల్పము. కాశీయాత్రికులకు అరటిపండ్లు అమ్మి ధనము గడింపదలచి, సుబ్బారావు బాల్యముననే ఇల్లు వెడలెను. తల్లి ఆయనను వెనుకకు రప్పించి మరల బడికి పంపెను. మెట్రిక్యులేషన్ పరీక్షలో రెండుమారులు తప్పి, మూడవమారు చెన్నపట్టణమున ఉత్తీర్ణుడయ్యెను.

వైద్యకళాశాలలో చదువుచుండగా, గాంధీమహాత్ముని పిలుపు నాలకించి ఖద్దరు అంగీ ధరించి శస్త్రచికిత్స తరగతికి పోయెను. ఆంగ్లేయుడగు ఆచార్యుడు ఆగ్రహించెను. తత్ఫలితముగా ఆయనకు ఎం.బి.బి.ఎస్. పట్టము దక్కక, అంతకు తక్కువదగు ఎల్.ఎం.ఎస్. మాత్రమే లభించెను. ఆయన సోదరులిరువురు స్ప్రూ అను వ్యాధిచే ఎనిమిది దినముల వ్యవధిలో మరణించిరి. తిన్న ఆహారము ఒంటబట్టక, రక్తము క్షీణించు వ్యాధి అది. ఆ దుఃఖము ఆయన హృదయమున నాటుకొనెను.

మామగారు మొదలగువారి సాయముతో ఆయన అమెరికాకు పోయి హార్వర్డు విశ్వవిద్యాలయమున చేరెను. జీవనమునకై ఆసుపత్రిలో కూలిపనికి సైతము వెనుదీయలేదు. ఫిస్కే అను శాస్త్రజ్ఞునితో కలిసి, 1925లో రక్తమందలి భాస్వరమును కొలుచు పద్ధతిని ప్రకటించెను. ప్రాణికణములకు శక్తినిచ్చు ఏ.టి.పి. అను పదార్థమును 1929లో వారు గుర్తించిరి.

1940లో సుబ్బారావు లెడర్లీ ప్రయోగశాలలో చేరెను. ఫోలిక్ ఆమ్లమను విటమిన్ లేనిదే రక్తకణములు సరిగా వృద్ధిచెందవు. ఆయన బృందము దానిని ప్రయోగశాలలో తయారుచేసెను. స్ప్రూ రోగులకు అది మేలు చేసెను. సోదరులను బలిగొన్న వ్యాధికి మందు ఇన్నేండ్లకు చేతికందెను.

మన ఎముకల మూలుగలో రక్తకణములు నిరంతరము పుట్టుచుండును. అందు తెల్లకణములు పక్వము కాకయే మితిమీరి పెరిగి, మంచి కణములకు చోటు లేకుండ చేయుటయే తీవ్ర ల్యుకేమియా అను రక్తపు క్యాన్సరు. ఆ కాలమున ఈ వ్యాధి వచ్చిన బిడ్డలు కొలది మాసములలోనే మరణించుచుండిరి. ఫోలిక్ ఆమ్లము చెడుకణములకు కూడ పోషకమే గదా, దానిని వాటికి అందకుండ చేసిన మేలు కలుగదా అని బోస్టన్ నగర వైద్యుడు సిడ్నీ ఫార్బర్ తలపోసెను. సుబ్బారావు బృందము ఆయనకు అమినోప్టెరిన్ అను మందు నందించెను. అది ఫోలిక్ ఆమ్లమును పోలియుండును. కాని దాని పని చేయదు. తాళములో దూరియు తిరుగని తాళపుచెవివలె అది కణముల పెరుగుదలను అడ్డగించును. 1948లో ఫార్బర్ ఫలితములను ప్రకటించెను: 16 మంది బిడ్డలలో 10 మందికి వ్యాధి కొంతకాలము నెమ్మదించెను. అది మరల తిరుగబెట్టినను, మందులకు లొంగునని లోకమునకు తెలిసెను. అదే కోవకు చెందిన మెథోట్రెక్సేట్ నేటికిని వాడుకలో నున్నది.

తీవ్ర ల్యుకేమియాలో ముఖ్యముగా రెండు విధములు కలవు. పిల్లలలో హెచ్చుగా కనిపించు లింఫాయిడ్ విధమునకు మెథోట్రెక్సేట్ ఉపకరించును. పెద్దలలో హెచ్చుగా కనిపించు మైలాయిడ్ విధమునకు తరువాతి కాలమున సైటరబైన్, డౌనోరుబిసిన్ అను మందులును, మూలుగ మార్పిడియు వచ్చినవి. సైటరబైన్ సైతము కణమునకు కావలసిన పదార్థమును పోలి, దానిని వంచించునదే. నేడు హైదరాబాదు తూర్పున నున్న చిల్కానగర్ బాలునికి ఈ వ్యాధి వచ్చినను, నగరములోనే చికిత్స పొందవచ్చును.

ఇంతటి మేలు చేసిన సుబ్బారావు 1948 ఆగస్టులో, 53 ఏండ్ల ప్రాయమున, అమెరికాలోనే కన్నుమూసెను. ఆయన స్వదేశమునకు తిరిగి రానేలేదు. భార్య శేషగిరి ఆయనను మరల చూడనేలేదు. 1995లో, శతజయంతి సందర్భమున, భారత ప్రభుత్వము ఆయన పేర తపాలబిళ్లను వెలువరించెను.

బాలలారా! ఓటమి కలిగినపుడు భీమవరపు బాలుని తలచుకొనుడు. మూడవమారు పరీక్షకు కూర్చున్న ఆ పట్టుదలయే అనేకుల ప్రాణములను నిలిపినది.